పదిహేడో మంచం

ఇంకా ఇరవై మూడు రోజులు

మళ్ళీ తిప్పి పంపారు. గురువులు అనే సైనికుడి ఫైలు వెనక్కి రావడం ఇది నాలుగోసారి. "సంఘటనలు మూడు, కావలసినవి నలభై, మిగిలినవి పూరకం ద్వారా నింపబడును" అని ఎర్రక్షరాల్లో. మూడుకీ నలభైకీ ఎంత తేడానో నాకు తెలియనట్టు. ముప్పై ఏళ్ళు ఎక్కాలు చెప్పి రిటైరయినదాన్ని.

పొద్దున్నే తాగే నీళ్ళకి మంచువలలు పిండడానికి వెళ్ళాను. మబ్బు బాగానే కమ్మింది గానీ మా వరస వలలకి నాచు పట్టింది, రెండు బిందెలకి మించి రాలేదు. కొండ మీద ఎనిమిదో మెట్టు వాళ్ళకి నాలుగొచ్చాయట. ఆ చిరాకుతోనే స్మారకశాలకి వచ్చి, ఎండపలకల మీద ఉప్పు గోకి, కరెంటు పుంజుకునేదాకా కూర్చుని తెర తెరిస్తే ఈ ఎర్రక్షరాలు.

వచ్చే పౌర్ణమికి గట్టు యుద్ధం ముగిసి పదేళ్ళు. సముద్రాన్ని ఆపే గట్టు మీద పోయిన పన్నెండు వందల మందిలో ఒక్కరి శవమూ దొరకలేదు. అందుకని ఒక్కొక్కరికీ ఒక పలుకురాయి నిలబెట్టారు. ఇంటివాళ్ళు వచ్చి దాని ముందు కూర్చుని పలకరిస్తే, పోయినవాడి గొంతుతో తన కథ తాను చెబుతుంది. ఆ కథలు ఏరుకొచ్చి ఇవ్వడం మాలాంటి వలంటీర్ల పని. పౌర్ణమినాడు రాళ్ళన్నిటికీ ముద్ర వేస్తారు. ఆ తరవాత అక్షరం మార్చడానికి వీల్లేదు.

మేం నలభై సంఘటనలు ఇవ్వలేకపోతే పూరకం అనే యంత్రం ఇస్తుంది. దాని దగ్గర సరుకుకేం కొదవ. అమ్మ చేతి పచ్చడంటే ప్రాణమంటుంది, చివరి గుక్క నీళ్ళు తోటివాడికిచ్చాడంటుంది. లెక్కపెట్టాను, రెండు వందల పదకొండు మంది చివరి గుక్క తోటివాడికిచ్చారు. అందరూ ఇచ్చేస్తే తాగిందెవరని ఆఫీసుకి రాశాను. మీ సూచనకు ధన్యవాదాలని జవాబొచ్చింది.

సాయంత్రం కస్తూరి వచ్చింది. గురువులు కూతురు. కింది మెట్టు పంపుల్లో పని చేస్తుంది, పందొమ్మిదేళ్ళు. తండ్రి పోయేనాటికి తొమ్మిది. తల్లి అంతకు ముందే జ్వరంతో పోయింది. గడపలోనే నిలబడి అడిగింది.

"ఎన్నయినాయి, టీచరమ్మా?"

"మూడే."

"పోనీ, ఆ యంత్రంతోనే నింపించీ. నాకు నిజమేటో అబద్ధమేటో ఎలాగ తెలుస్తాది? నాకు గుర్తున్నది మా నాన్న మెడ ఎనకాల ఒక్కటే. మొహం గుర్తు నేదు. భుజాల మీద కూకునీదాన్ని గావాల."

పూరకంతో నింపనివ్వనని మాటిచ్చాను. ఎలా నిలబెట్టుకుంటానో తెలియకుండా మాటివ్వడం నాకు అలవాటు.

ఇంకా పందొమ్మిది రోజులు

ఖాదరవలి గారూ నేనూ పాత సాక్ష్యాలన్నీ మళ్ళీ తిరగేశాం. ఆయన నా తోటి వలంటీరు, వలలు అల్లే మనిషి. ముడి ఎక్కడ తప్పిందో వేళ్ళతోనే పట్టేస్తారు. కాగితాలూ అలాగే చదువుతారు.

మా పద్ధతి ఒకటి ఇక్కడ రాసిపెట్టాలి. గట్టు మీది పటాలంలో పేర్లు పిలుచుకునేవారు కాదు. ఒకే పేరు ఆరుగురికి ఉండేసరికి మంచం నంబరుతో పిలవడం మొదలెట్టారు. బతికొచ్చినవాళ్ళకి కూడా నంబర్లే గుర్తు. పన్నెండు పాడేవాడు, నలభై గురక పెట్టేవాడు అంటారు. వాళ్ళు చెప్పింది నంబరుతోనే రాసుకుని, తరవాత పటాలం మంచాల రిజిస్టరు చూసి పేర్లు వేయాలి. ఈ పద్ధతి కనిపెట్టింది నేనే. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి నేర్చుకెళ్ళారు. ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదన్న నిబంధన పెట్టించిందీ నేనే, కన్నవాళ్ళు ఉన్నదానికి నాలుగింతలు చెబుతారని.

గురువులు ముప్పై ఒకటో మంచం. ఆ ముప్పై ఒకటి గురించి ఎవర్నడిగినా పెదవి విరిచేస్తారు. ఎప్పుడూ ఏదో ఒకటి సణిగేవాడంటారు. మాటలు మానేస్తే వారం మానేసేవాడంటారు. వంటవాడితో పోట్లాడాడంటారు. అంతే, మూడు.

అదే పదిహేడో మంచం చూడండి. పైల అసిరినాయుడు. నలభై మూడు సంఘటనలు. గుడ్డు పెట్టని కోడిని పంపు గదిలో దాచి, దానికి సుబేదారని పేరు పెట్టి, పై అధికారి వస్తే దాని చేత కవాతు చేయించినవాడు. చదువురానివాళ్ళకి ఉత్తరాలు రాసి, వాళ్ళు చెప్పని ప్రేమ కూడా రెండు వాక్యాలు కలిపినవాడు. మా స్మారకశాలలో అంతకంటే మంచి రాయి లేదు. వాళ్ళమ్మ సన్యాసమ్మ మూడేళ్ళుగా రోజూ వచ్చి దాని ముందు కూర్చుంటుంది. డెబ్బై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, అయినా నూట పది మెట్లు దిగి వస్తుంది.

"అప్పన్న కాడికి ఎల్లారా?" అని ఖాదరవలి గారు అడిగారు.

అప్పన్న ఆ పటాలంవాడే. పదేళ్ళుగా ఎవరితోనూ నోరు విప్పలేదు. అవతలి కొండ మీద, ఊపిరితిత్తుల్లోకి ఉప్పు దిగినవాళ్ళ ఆసుపత్రిలో ఉంటాడు. వెళ్ళినా తలుపేస్తాడన్నాను. వేస్తే వేయనిండి, తలుపైనా చూసొత్తారు గదా అన్నారాయన.

ఇంకా పదహారు రోజులు

తాడుబండి లోయ మధ్యలో గంటసేపు ఆగిపోయింది. దాన్ని లాగే గాలిమరకి గాలి లేదట. కింద నీళ్ళల్లో పాత ఊళ్ళ సెల్ టవర్లు కనబడుతుంటే, ఇదంతా మానేసి ఇంట్లో కూర్చుంటే నన్నెవరడుగుతారని అనుకున్నాను.

అప్పన్న తలుపేయలేదు. అలిసిపోయాడు కాబోలు, వేసే ఓపిక లేదు. ముప్పై ఒకటి గురించి చెప్పమన్నాను.

"ఏ ముప్పయ్యొకటి? వాన ముందరోడా, వానెనకోడా?"

"ఇద్దరున్నారా?"

"మంచం ఒకటే. మనుసులు మారినారు. పదిహేడు మీద కప్పు కారీది. ఆ పదిహేడులో తొంగునీవోడికి చెవిపోటు. చుక్క పడితే రేత్రంతా మూలిగీవోడు. ముప్పయ్యొకటోడు సూసి, నా మంచం పొడిగున్నాది, నువ్వెల్లి తొంగోరా, నాను ఇక్కడుంతానన్నాడు. అక్కణ్ణుంచి ఆడు పదిహేడు, ఈడు ముప్పయ్యొకటి. గట్టు తెగీదాకా అలాగే."

"రిజిస్టరులో లేదే."

"ఆ వానలో రిజిస్టరెవుడు రాత్తాడమ్మా?"

"అయితే కోడిని పెంచింది?"

"సుబేదారునా? వానెనక పదిహేడోడు. కోడికి గొడుగు పట్టుకుని తాను తడిసీవోడు."

ముప్పై ఒకటిలోకి మారిన చెవిపోటు మనిషి గురించి ఇంకో మూడు సంగతులు చెప్పాడు. రాసుకున్నాను. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది గానీ నా బుర్ర అక్కడ లేదు. నాతో మాట్లాడిన పద్నాలుగు మందీ వానల తరవాత పటాలంలో చేరినవాళ్ళే. రిజిస్టరేమో వానలకి ముందుది. తారీకు పైనే ఉంది. నేను చూడలేదు. పరీక్ష పేపర్ల మీద తారీకు వేయని పిల్లలకి మార్కులు కోసినదాన్ని.

వాళ్ళు పదిహేడన్నది గురువులుని, ముప్పై ఒకటన్నది అసిరినాయుడిని. ఆ నలభై మూడూ గురువులువి.

ఇంకా పదిహేను రోజులు

రాయికి ప్రాణం పోసే ముందు మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కథంతా ఇంటివాళ్ళకి చదివి వినిపిస్తాం. ఒక్కో సంఘటనకీ వాళ్ళు "మావాడే" అనాలి. అంటేనే అది రాయిలోకి ఎక్కుతుంది.

మూడేళ్ళ కిందట సన్యాసమ్మకి చదివింది నేనే. పదకొండో సంఘటన దగ్గర ఆవిడ ఆగిపోయింది. పదిహేడు ఎండుచేప వాసనకే కంచం వదిలి లేచిపోయేవాడని అందులో ఉంది. "మావోడికి ఎండుసేప నేకపోతే ముద్ద దిగదమ్మా" అంది. యుద్ధంలో మనుషులు మారిపోతారని నేను చెప్పాను. మంచి గొంతు పెట్టి, చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను. ఆవిడ నా మొహం చాలాసేపు చూసి "మావోడే" అంది.

నేను అక్కడ ఆగి రిజిస్టరు మళ్ళీ చూసి ఉంటే సరిపోయేది. కథ అంత బాగా కుదిరాక చూడబుద్ధి కాలేదు, అదీ అసలు నిజం.

ఇంకా పన్నెండు రోజులు

సంఘటనలు రెండు రాళ్ళలో ఉండటానికి వీల్లేదు. ఒకప్పుడు బద్ధకం వలంటీర్లు ఒకే కథని పదిమందికి అంటించారని ఆఫీసు ఆ తాళం వేసింది. అసిరినాయుడి రాయిలోంచి తీస్తే తప్ప గురువులు రాయిలో పెట్టలేను. తీయడానికి నా మాట చాలదట. "మావాడే" అన్న గొంతే వచ్చి, ఒక్కొక్కటీ విని, "మావాడు కాదు" అనాలట. నలభై మూడుసార్లు.

మూడు అర్జీలు పెట్టాను. తప్పు నాది, శిక్ష నాకు వేయండి, ఆ ముసలమ్మని పిలవకండని రాశాను. మీ సూచనకు ధన్యవాదాలు.

"ఆ ముసల్దాని కాడ్నించి కొడుకుని లాగేత్తారా?" అని ఖాదరవలి గారు అడిగారు.

"ఆ పిల్ల దగ్గర్నుంచి తండ్రిని లాగేసింది మూడేళ్ళ కిందటే నేను. ఏం చెయ్యమంటారు మరి?"

"నాకు తెలిత్తే మిమ్మల్నెందుకు అడుగుతానండి" అని ఆయన వల ముందేసుకున్నారు. సాయంత్రం కస్తూరి వచ్చి ఎన్నయినాయని అడిగితే ఆరన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. నామీద నాకే అసహ్యమేసింది.

ఇంకా తొమ్మిది రోజులు

చెప్పేశాను.

సన్యాసమ్మ అలవాటు చొప్పున రాయి ముందు చాప పరుచుకుంటోంది. పక్కన కూర్చుని, మంచాల సంగతి, వాన సంగతి, నా తప్పు సంగతి వరసగా చెప్పాను. కస్తూరి గురించీ, నలభై మూడుసార్లు కాదనాల్సిన సంగతీ చెప్పాను. అంతా అయ్యాక ఆవిడ కొంగుతో రాయి మీది ఉప్పు తుడిచింది.

"మావోడికి చెవిపోటు చిన్నప్పణ్ణించీ" అంది. కొంగు దులుపుకుని, "ఎండుసేప కాడే నాకు అనుమానమొచ్చినాదమ్మా. సదువుకున్నదానివి, అంత గట్టిగా సెప్పినావు" అంది.

"మరి రోజూ ఎందుకొచ్చేదానివి?"

"అమ్మా అని పిలిత్తాది గదా. పిలిత్తే రాకుండా ఎలాగుంతాను?"

చాప చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. కాదంటావా అని నేను అడగలేదు. నూట పది మెట్లూ ఆవిడ ఎక్కేదాకా కింద నిలబడ్డాను.

ఇంకా ఏడు రోజులు

నిన్న రాలేదు. ఇవాళా రాలేదు. వలలు పిండుతూ పై మెట్టు కేసి చూస్తుంటే బిందె నిండి పొర్లిపోయింది. నీళ్ళు పారబోశానని వరసలో ఆడవాళ్ళు నన్ను కడిగేశారు. వాళ్ళు తిట్టింది న్యాయమే. నేను మాత్రం ఎదురు తిట్టి వచ్చాను.

కస్తూరికి కూడా ఇవాళ చెప్పాను. పంపులు ఆపి మరీ విన్నది.

"మూడేళ్ళు నేదు నేదని నన్ను తిప్పినావు. మా నాన్న అక్కడే మాటాడతన్నాడా? పక్క రాయిలోనా?"

"అవును."

"నాను ఆ రాయి పక్కనించే నడిసి వచ్చీదాన్ని" అంది. ఇంకేమైనా అంటుందని చూశాను. పంపు మళ్ళీ తిప్పేసింది, ఆ హోరులో నేను చెప్పేదేదీ వినబడకుండా.

ఇంకా అయిదు రోజులు

పొద్దున్న స్మారకశాల తలుపు తీసేసరికి సన్యాసమ్మ చాప మీద కూర్చుని ఉంది.

"పంపుల కాడికెల్లి పిల్లని సూసొచ్చినాను. దూరం నించే" అంది. "పిలు దాన్ని. నా గొంతు బాగున్నప్పుడే సేసీద్దాం."

కస్తూరి నూనె చేతులతోనే పరుగెత్తుకొచ్చి, చాపకి కాస్త ఎడంగా నేల మీద కూర్చుంది. రాయి మొదలెట్టింది. "అమ్మా, నేను పంపు గదిలో ఒక కోడిని దాచాను." సన్యాసమ్మ "మావోడు కాదు" అంది. రాయి రెండోది చెప్పింది. "మావోడు కాదు." ఇలా ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో దానికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. పూరకం తన తియ్యటి గొంతుతో, "స్పష్టంగా వినబడలేదు, దయచేసి మరోసారి చెప్పగలరా" అంది. రాయితో తల కొట్టుకోవాలనిపించింది. దాని తలకాయ ఎక్కడుందో తెలిస్తే దాన్నే కొట్టేదాన్ని.

ఇరవై ఆరోది వచ్చింది. "ఇంట్లో చిన్నది నా భుజాలెక్కి రెండు చెవులూ పట్టుకునేది. ఎడమ చెవి లాగితే ఎడమకి తిరగాలి, కుడి చెవి లాగితే కుడికి. ఇక్కడ కాపలా తిరిగేటప్పుడు ఎవరూ లాగకుండానే తిరగాల్సి వస్తోంది." ఆ చిన్నదాన్ని నేను అసిరినాయుడి మేనకోడలని రాసిపెట్టాను. మేనకోడలు ఉందో లేదో కూడా అడక్కుండా.

కస్తూరి రెండు చేతులూ గాల్లోకి లేపింది, దేన్నో పట్టుకున్నట్టు. అలాగే ఉంచేసింది. సన్యాసమ్మ ఆ పిల్ల కేసి చూసి, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా అంది, "మావోడు కాదు. ఈ పిల్ల నాన్న."

పూరకం మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది. మధ్యాహ్నం దాటాక నలభై మూడూ పూర్తయ్యాయి. అవే గురువులు పేరుతో మళ్ళీ వినిపిస్తే, కస్తూరి ఒక్కొక్కదానికీ "మా నాన్నే" అంది. నలభై నాలుగోదిగా, పొడి మంచం ఇచ్చేసి కారే కప్పు కింద పడుకున్న సంగతి గురువులు రాయిలో నేనే ఎక్కించాను. సాక్షి అప్పన్న.

కస్తూరి నాకు దండం పెట్టలేదు. పెడితే నేను తట్టుకోలేకపోయేదాన్ని. సన్యాసమ్మ చెయ్యి పట్టి లేపి, చాప తను పట్టుకుని, మెట్ల దాకా తీసుకెళ్ళింది.

ఇంకా రెండు రోజులు

ఇప్పుడు అసిరినాయుడి రాయిలో ఉన్నవి ఆరు. సణిగేవాడు. అలిగితే వారం మాట్లాడడు. వంటవాడితో పోట్లాడి రెండు రోజులు పస్తుండి, మూడోనాడు ఎవరూ చూడకుండా వంటగదిలో దూరి తిన్నాడు, వంటవాడు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. చెవిలో దూది పెట్టుకుని కాపలాకి వెళ్ళి, వెనక్కి రమ్మన్న కేక వినబడక మర్నాటిదాకా అక్కడే నిలబడ్డాడు. మంచం ఇచ్చినవాడికి థాంక్స్ చెప్పలేదు, బదులుగా నెల్లాళ్ళు అతని బూట్లు తుడిచాడు, ఎవరు తుడిచారో చెప్పకుండా. గట్టు తెగిన రోజు పారిపోదామని రెండుసార్లన్నాడు, పారిపోలేదు.

చదివి వినిపించాను. సన్యాసమ్మ బూట్ల దగ్గర నవ్వింది. మూడేళ్ళలో ఆ రాయి ముందు ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

ఆరు చాలవు. మిగిలిన ముప్పై నాలుగూ పౌర్ణమికి పూరకం నింపుతుంది. రాయికి మాట వద్దనుకుంటే మాత్రం నింపదు. ఉత్త రాయి మీద పేరొక్కటి చెక్కుతారు. ఆ నిబంధన ఎవరూ వాడుకోలేదు. కన్నవాళ్ళెవరు వాడుకుంటారు.

"నోరు తీయించీ" అంది సన్యాసమ్మ.

"మళ్ళీ పెట్టరు. బాగా ఆలోచించుకో."

"ఊళ్ళో కొడుకులందరూ నీళ్ళిచ్చీసినోళ్ళే. నా కొడుకు గొంతుతో ఆ మాట నాను ఇనలేను."

అర్జీ మీద వేలిముద్ర వేసింది. ఆఫీసువాళ్ళు నిమిషంలో ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళు నా అర్జీ ఒప్పుకోవడం ఇదే మొదలు, అదీ ఇలాంటిదానికి.

ముద్ర పడిన మర్నాడు

ఒక్కటి తప్ప పన్నెండు వందల రాళ్ళూ ఒక్కసారే మాట్లాడుతుంటే నిన్న ఊరంతా హోరెత్తింది. గురువులు రాయి ముందు కస్తూరి పొద్దున్నుంచి చీకటి పడేదాకా కదల్లేదు. కోడి కథ మూడుసార్లు చెప్పించుకుందని ఖాదరవలి గారన్నారు.

అసిరినాయుడి రాయి ముందు సన్యాసమ్మా నేనూ కూర్చున్నాం. ఆవిడకి చదువు రాదు. ఆరు సంఘటనలూ కాగితం మీద రాసుకెళ్ళి నేనే చదివాను. బాగాలేదంది. నాయుడు అంత సాఫీగా మాట్లాడడట, మాట మధ్యలో మింగేస్తాడట. మళ్ళీ చదివాను. అదీ బాగాలేదంది. నాకు కోపమొచ్చి, ఎలా చదవాలో నువ్వే చెప్పు అన్నాను.

చదవడం సంగతి వదిలేసి, రాయి మీద చెయ్యేసి చెప్పింది.

"చిన్నప్పుడు అలిగితే తలుపెనకాల దాక్కునీవోడు. దాక్కునీవోడే గాని, కాళ్ళు మట్టుకు బయటికెట్టీవోడు. దొరక్కపోతే ఎలాగ మరి?"

ఇంటివాళ్ళ సాక్ష్యం. నేను పెట్టించిన నిబంధన ప్రకారమే చెల్లదు. కాగితం మీద ఏడు అని నంబరు వేసి, ఆ మాటలు ఆవిడ చెప్పినట్టే రాసి, సాక్షి అన్నచోట సన్యాసమ్మ, తల్లి అని రాశాను. ఎనిమిదోది చెప్పమన్నాను.